సాక్షి నంబరు రెండు

పెకలోంగాన్ నుంచి సెమరాంగ్‌కి తెల్లారుజాము రైలు.
కిటికీ పక్కనే సముద్రం
జీతం అడగని పాలేరులా వెంట నడుస్తోంది.
పాలుపి టీచరు నా ఎదుట కూర్చుని
ఆరో తరగతి నోటుపుస్తకాలు దిద్దుతోంది.
ఉద్యోగం తీసేసి ఐదు నెలలైంది.
పిల్లలు ఇంకా ఇంటికి తెచ్చి ఇస్తున్నారు.
వద్దనడం ఆమెకి రాదు.
నేను తుకిజోని, బడి వాచ్‌మన్‌ని.
ఇవాళ నా చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయి.

మా బడి ఒక ట్రస్టుది.
లాభాపేక్ష లేనిదని గేటుమీద రాసి ఉంటుంది.
ఆ అక్షరాలకి ఏటేటా రంగు వేసేది నేనే.
పోటు వస్తే వీధులు మునిగే ఊరు మాది,
క్లాసుల్లో చీలమండ లోతు ఉప్పునీళ్లు.
చెప్పులు కిటికీలో పెట్టి
నీళ్లలో నిలబడి పదకొండేళ్లు భిన్నాలు చెప్పింది.
గోడమీది తడిగీత చూపించి
"కింద మునిగింది హారం, పైన తేలింది లవం" అంటే
బెంచీలమీద కాళ్లు ముడుచుకుని పిల్లలు నవ్వేవాళ్లు.
బయట నేనూ.

కోర్టులో ముగ్గురు జడ్జీలు.
ఒకాయన కార్మికుల వైపు నుంచి వచ్చినవాడట,
ఒకాయన యజమానుల వైపు నుంచి,
మధ్యలో ఆవిడ ఎటు నుంచీ కాదు.

ట్రస్టు వకీలు లేచాడు.
"ఇది ఫ్యాక్టరీ కాదండీ.
సరుకు లేదు, అమ్మకం లేదు, లాభం లేదు.
లాభం లేనిచోట యజమాని ఎవరు?
యజమాని లేనిచోట కార్మికురాలు ఎవరు?
ఈమెది సేవ.
మేమిచ్చింది జీతం కాదు, గౌరవ వేతనం."
గౌరవం అన్నప్పుడు కొంచెం వంగాడు కూడా.

మా వకీలు హెర్లాంబాంగ్ కుర్రవాడు, గొంతు బొంగురు.
చట్టంలోని ఒకే వాక్యం మూడుసార్లు చదివాడు:
సేవాసంస్థ అయినా సరే,
మనిషిని పెట్టుకుని కూలి ఇస్తే...
ఆ 'కూలి' దగ్గర పట్టుకున్నారు.
అరగంట దాన్ని అటూ ఇటూ లాగారు,
తడిబట్ట పిండినట్టు.

తర్వాత నన్ను పిలిచారు.
బడిలో నీ పని?
గేటు తీస్తాను, మూస్తాను, గంట కొడతాను,
నీళ్లొస్తే తోడతాను.
జీతం?
చెప్పాను.
ఎప్పటి నుంచి అంత?
రెండేళ్ల కింద ఎవరో ఇన్‌స్పెక్టరు వచ్చి
వాచ్‌మన్లూ తోటమాలులూ కార్మికులే అని
చెప్పి పోయినప్పటి నుంచి.
గుమాస్తా టకటకా కొట్టుకున్నాడు.

అప్పుడు హెర్లాంబాంగ్ ఇంకో కాగితం తీసి
టీచరు నెల రాబడి పైకి చదివాడు.
నాదాంట్లో మూడో వంతు.

నాకు తెలియదు.
ఒట్టేసి నిలబడ్డవాణ్ణి, అబద్ధమాడను, నాకు తెలియదు.
పదకొండేళ్లు ఆమెకి గేటు తీసి తల వంచాను.
గంట కొట్టే చేతికి చట్టం ఉందట.
ఆ గంటకి లేచి పాఠం మొదలెట్టే నోటికి
ఉందో లేదో తేల్చడానికి
ఇంత పెద్ద మేడ, ఇన్ని ఫ్యాన్లు.

ట్రస్టు వకీలు దగ్గరికొచ్చాడు, మెత్తగా అడిగాడు.
"ఆమె ఏనాడైనా కూలి అడగడం నువ్వు విన్నావా?"
లేదయ్యా, అన్నాను.
"అదీ" అంటూ వెనుదిరిగాడు.
సుద్దముక్కలు అడిగేది, అన్నాను.
నీళ్లలో పడి కరిగిపోయేవి, మళ్లీ అడిగేది,
ఇవ్వకపోతే కొనుక్కొచ్చేది.
అది మాత్రం గుమాస్తా కొట్టుకోలేదు.

మూడు వారాలకి వాయిదా.

స్టేషను బయట టీ బండి.
ఆమెతో ఎక్కడ టీ తాగినా డబ్బులు ఆమే ఇచ్చేది.
టీచరు కదా అని నేనూ ఊరుకునేవాణ్ణి.
ఆ టీలన్నీ ఇప్పుడు గొంతులో లెక్కకొస్తున్నాయి.
ట్రస్టువాళ్లు రేపు నన్ను గేటు బయటే నిలబెట్టొచ్చు,
ఆ సంగతి ఆమెకీ తెలుసు, మాట్లాడుకోలేదు.
మోకాలిమీద పుస్తకం పెట్టుకుని
ఎవరిదో లెక్క పక్కన ఎర్ర సిరాతో
'మళ్లీ చెయ్యి' అని రాసింది.

నేను జేబులో చెయ్యి పెట్టాను.
ఆమె సంచీ తెరవబోయి
ఆగింది.